ఫైల్ సర్వర్‌కి ఏ డిస్క్ కంట్రోలర్ కొనాలి?

ప్రశ్న: నమస్కారమండీ. మాది తెనాలి. పెళ్లిళ్లకీ ఫంక్షన్లకీ ఫొటోలు, వీడియోలు తీసే స్టూడియో నడుపుతున్నాను. పాత ఫుటేజీ అంతా బయటి హార్డ్ డిస్కుల్లో చెల్లాచెదురుగా ఉంది. మొత్తం 22 టీబీ దాకా ఉంటుంది. ప్రతి సీజన్‌కీ ఇంకో 5 టీబీ కలుస్తుంది. 8 టీబీ నాస్ డిస్కులు ఎనిమిది కొన్నాను. పాత ఎడిటింగ్ కంప్యూటర్‌నే ఫైల్ సర్వర్‌గా మార్చి, మా మేనల్లుడి చేత ట్రూనాస్ అనే ఫైల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ వేయించాలని ఉంది. మదర్‌బోర్డుకి డిస్కులు తగిలించే సాటా పోర్టులు నాలుగే ఉన్నాయి. షాపులో అడిగితే ఒకాయన 16 పోర్టుల చిన్న సాటా కార్డు చాలన్నారు, చవక కూడా. ఇంకొకాయన సర్వర్‌లోంచి తీసిన బ్యాటరీ ఉన్న రెయిడ్ కార్డు ఇస్తానన్నారు. మేనల్లుడేమో హెచ్‌బీఏ కొనమంటున్నాడు. ఏది కొంటే డేటా పోకుండా ఉంటుంది? పోయినేడు ఒక డిస్కు పోయి ఒకరి పెళ్లి వీడియో మొత్తం పోయింది. ఆ ఇంటివాళ్ల ముందు తలెత్తుకోలేకపోయాను.
– ఒక స్టూడియో యజమాని, తెనాలి

జవాబు: మీ ఉత్తరంలో చివరి మాట దగ్గర చాలాసేపు ఆగిపోయానండీ. వీడియో కోసం ఎవరి చేతా మళ్లీ పెళ్లి చేయించలేం కదా. అందుకే కార్డుల పేర్లలోకి వెళ్లేముందు ఒక ప్రశ్న మీకిస్తాను. షాపులో ఎవరు ఏ కార్డు చూపించినా ఇదే అడగండి: రేపు ఈ కార్డు కాలిపోతే, ఈ ఎనిమిది డిస్కులనూ తీసుకెళ్లి వేరే కంప్యూటర్‌కి తగిలిస్తే డేటా తెరుచుకుంటుందా?

మీ మేనల్లుడు చెప్పిందే సరైనది. హెచ్‌బీఏ కొనండి, అంటే డిస్కులను ఉన్నవున్నట్టు కంప్యూటర్‌కి కలిపే కార్డు. అయితే ఆ పేరుతో దొరికేవన్నీ ఒకటి కావు, కొన్నాక చూసుకోవాల్సినవీ కొన్ని ఉన్నాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ ప్రశ్న నాకు ఎక్కడ దొరికిందో ముందు చెప్పాలి. పదేళ్ల కిందట నేను చూసుకునే ఒక ఆడిటర్ ఆఫీసులో, సరిగ్గా మార్చి నెలాఖరున సర్వర్ ఆగిపోయింది. ఆరు డిస్కులూ నిక్షేపంగా ఉన్నాయి. చచ్చిపోయింది రెయిడ్ కార్డు, అంటే చాలా డిస్కులను కలిపి ఒకటిగా నడిపే కార్డు. ఆ డిస్కులను వేరే మెషిన్‌కి పెడితే ఒక్కటీ అర్థం కాలేదు, ఖాళీ డిస్కుల్లా కనిపించాయి. ఏ ముక్క ఏ డిస్కులో ఎక్కడుందన్న లెక్క అంతా ఆ కార్డు తన పద్ధతిలో రాసుకుంది. అదే రకం కార్డు కోసం సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో షాపు షాపూ తిరిగాను. ఆ మోడల్ తయారీ ఆగిపోయి చాలా కాలమైంది. చివరికి వేరే ఊరి నుంచి పాతది ఒకటి తెప్పించి నిలబెట్టేసరికి పన్నెండు రోజులైంది. డేటా పోలేదు. కానీ ఆ పన్నెండు రోజులూ ఆ ఆఫీసువాళ్ల టెన్షన్ నేను దగ్గరుండి చూశాను.

రెయిడ్ కార్డు అనేది దానికదే ఒక చిన్న కంప్యూటర్. సొంత ప్రాసెసర్, సొంత మెమరీ, సొంత ఫర్మ్‌వేర్ (కార్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) ఉంటాయి. 1988లో బర్క్‌లీ యూనివర్సిటీవాళ్లు రెయిడ్ అనే మాటను లోకానికి పరిచయం చేసినప్పటికి కంప్యూటర్ ప్రాసెసర్లు బలహీనంగా ఉండేవి. పారిటీ లెక్కలు, అంటే ఒక డిస్కు పోయినా అందులోది తిరిగి రాబట్టడానికి వేసే లెక్కలు, వాటి నెత్తిన వేస్తే మిగతా పని నెమ్మదించేది. అందుకే ఆ లెక్క విడిగా ఒక కార్డుకి అప్పజెప్పడంలో అర్థం ఉండేది. ఇప్పుడు మీ పాత ఎడిటింగ్ మెషిన్ ప్రాసెసరే ఆ లెక్కను అవలీలగా చేసేస్తుంది.

ఇక బ్యాటరీ సంగతి. కార్డు తన మెమరీలోకి డేటా తీసుకుని, డిస్కు మీద రాయకముందే కంప్యూటర్‌తో 'రాసేశాను' అంటుంది. అందుకే వేగంగా అనిపిస్తుంది. ఆ మధ్యలో కరెంటు పోతే మెమరీలో ఉన్నది పోకుండా కాపాడేది ఆ బ్యాటరీ. రెండు మూడేళ్లకి బ్యాటరీ నీరసిస్తుంది. అప్పుడు బుద్ధిగల కార్డు ఆ పద్ధతి మానేసి నేరుగా డిస్కుకే రాస్తుంది, వేగం పడిపోతుంది. వేగం తగ్గిందని ఎవరైనా సెట్టింగ్ మార్చి బ్యాటరీ లేకపోయినా పాత పద్ధతే బలవంతంగా నడిపిస్తే, ఆ తర్వాత కరెంటు పోయిన మొదటిసారే దెబ్బ తగులుతుంది. సర్వర్‌లోంచి తీసిన కార్డు అంటున్నారు కాబట్టి దాని బ్యాటరీ వయసు ఎంతో అమ్మేవారికీ తెలిసి ఉండదు.

రెయిడ్ కార్డే కొనకూడదని నేననను. కార్డు పోతే నాలుగు గంటల్లో అదే కార్డు తెచ్చి బిగించే సర్వీసు ఒప్పందం ఉన్న పెద్ద ఆఫీసులకి అది బాగానే పనికొస్తుంది. తెనాలిలో స్టూడియోకి అలాంటి ఒప్పందం ఎక్కడుంటుంది?

పైగా ట్రూనాస్ లోపల నడిచేది జెడ్‌ఎఫ్‌ఎస్. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టి 2005లో ఓపెన్ సోర్స్‌గా బయటికొచ్చిన ఫైల్ సిస్టమ్ ఇది. రాసిన ప్రతి బ్లాకుకీ ఒక చెక్‌సమ్, అంటే సరిచూసుకునే అంకె, వేరే చోట దాచుకుంటుంది. చదివేటప్పుడు సరిపోల్చి, తేడా వస్తే మిగతా డిస్కుల్లోంచి సరైన డేటా తెచ్చి బాగుచేస్తుంది. కరెంటు పోయినా సగం పాత, సగం కొత్త అయిన స్థితి రాకుండా, కొత్త డేటాను ఎప్పుడూ కొత్త చోటే రాస్తుంది. ఇంత పని చేయాలంటే దానికి డిస్కులు సూటిగా కనబడాలి. మధ్యలో రెయిడ్ కార్డు కూర్చుని ఎనిమిది డిస్కులనూ ఒకే పెద్ద డిస్కుగా చూపిస్తే, పాడైన బ్లాకును పసిగట్టగలదు గానీ బాగుచేసే దారి ఉండదు.

ఆ రెయిడ్ కార్డు అమ్మే షాపాయన బహుశా ఒక ఉపాయం చెబుతారు. ఒక్కో డిస్కునీ ఒక్కో రెయిడ్ 0గా, అంటే ఒకే డిస్కున్న రెయిడ్ గుంపుగా, చేసి ఇస్తాం, ఎనిమిదీ విడిగా కనిపిస్తాయి అని. ఒప్పుకోకండి. అలా చేసినా కార్డు తన రాతలు డిస్కు మీద రాస్తుంది, మళ్లీ ఆ కార్డుకే కట్టుబడిపోతారు. డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ వివరాలు కూడా చాలా కార్డుల్లో సరిగా బయటికి రావు.

ఇప్పుడు ఆ 16 పోర్టుల చిన్న కార్డు. చవక కాబట్టి మనసు లాగుతుంది, అందుకే లెక్క వేసి చూపిస్తాను. అది దూరే చిన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌కి డేటా దారి ఒక్కటే ఉంటుంది. పాత రెండో తరం స్లాట్ అయితే సెకనుకి 500 ఎంబీ గరిష్ఠం, నిజంగా దక్కేది 400 అనుకోండి. ఎనిమిది డిస్కులు పంచుకుంటే తలా 50. మీ డిస్కు ఒక్కటే చదివితే సెకనుకి సుమారు 200 ఎంబీ ఇస్తుంది. ఒక డిస్కు పోయి కొత్తది పెట్టారనుకుందాం. డిస్కులు నిండుగా ఉంటే, మిగిలినవన్నీ చదివి 8 టీబీ కొత్త డిస్కు నింపడానికి 200 ఎంబీ వేగంతో పదకొండు గంటలు. 50 ఎంబీతో నలభై నాలుగు గంటలు. మూడో తరం స్లాట్ అయితే ఇందులో సగం.

రోజువారీ పనిలో ఈ తేడా మీకు అసలు తెలియదు. మామూలు గిగాబిట్ నెట్‌వర్క్ మీద సెకనుకి 110 ఎంబీ మించి వెళ్లదు కాబట్టి కార్డు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఒక డిస్కు పోయాకే తెలుస్తుంది, అప్పటికి మిగతా ఏడింటి మీదా భారం పడి ఉంటుంది.

వేగం కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకొకటి. అంత చవకలో పదహారు పోర్టులకి సరిపడా కంట్రోలర్ చిప్పు ఉండదు. నాలుగు పోర్టుల చిప్పు ఒకటి పెట్టి, ఒక్కో పోర్టునీ పోర్ట్ మల్టిప్లయర్ అనే చిప్పుతో నాలుగైదు పాయలుగా చీలుస్తారు. ఒక డిస్కు మొండికేసి జవాబివ్వకపోతే సిస్టమ్ ఆ పోర్టును రీసెట్ చేస్తుంది. దాంతోపాటు అదే పాయ మీదున్న మిగతా డిస్కులూ ఒక్క క్షణం మాయమవుతాయి. ఒక డిస్కు జబ్బు నాలుగు డిస్కులకు అంటుకున్నట్టే. మల్టిప్లయర్ లేకుండా ఒకే చిప్పుతో వచ్చే ఐదారు పోర్టుల కార్డులు కూడా ఉన్నాయి. జేఎంబీ585 చిప్పుతో ఐదు పోర్టులు, ఏఎస్‌ఎం1166 చిప్పుతో ఆరు. రెండూ మూడో తరం రెండు దారులు వాడతాయి. మీకు నాలుగైదు డిస్కులే ఉండి ఉంటే అవి చాలనేవాణ్ణి.

హెచ్‌బీఏ, అంటే హోస్ట్ బస్ అడాప్టర్, ఒక నమ్మకమైన హమాలీ లాంటిది. మూట విప్పి చూడదు, ఇక్కడి నుంచి అక్కడికి మోస్తుంది. డిస్కుల మీద తన గుర్తులేవీ వేయదు. కార్డు పోతే ఇంకో కంపెనీ కార్డు పెట్టినా, ఎనిమిది సాటా పోర్టులున్న బోర్డుకి నేరుగా తగిలించినా జెడ్‌ఎఫ్‌ఎస్ తన డిస్కులను తానే గుర్తుపట్టి తెరుస్తుంది. ఏ డిస్కు ఏ పోర్టులో ఉన్నా సరే. హెచ్‌బీఏలు ఎక్కువగా శాస్ రకం, అంటే సర్వర్ డిస్కులు తగిలించే పద్ధతివి. వాటికి మీ సాటా డిస్కులు పనిచేస్తాయి. సాటా కార్డుకి శాస్ డిస్కులు మాత్రం పనిచేయవు.

కొనాల్సింది ఎల్‌ఎస్‌ఐ అనే కంపెనీ చిప్పులున్నది. ఆ కంపెనీని 2014లో అవాగో కొన్నది, అవాగో 2016లో బ్రాడ్‌కామ్‌ని కొని ఆ పేరే తను పెట్టుకుంది. కాబట్టి కార్డు మీద ఈ మూడింటిలో ఏ పేరున్నా గాభరా పడకండి. పాత మార్కెట్‌లో ఎక్కువగా దొరికేది 9211-8ఐ. ఎంతో నమ్మకమైన కార్డు, కానీ ముసలిదైంది. రెడ్ హ్యాట్ కంపెనీ తన ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8లో దీని చిప్పుకి మద్దతు తీసేసింది కూడా. ట్రూనాస్‌లో ఇప్పటికీ నడుస్తుంది. మీరు ఇంకో పదేళ్ల కోసం కడుతున్నారు కాబట్టి 9300-8ఐ చూడండి, అది కుదరకపోతే 9207-8ఐ. రెండూ మూడో తరం ఎనిమిది దారుల కార్డులు. ఎనిమిది హార్డ్ డిస్కులు ఒకేసారి పరుగెత్తినా సెకనుకి 2 జీబీ దాటవు కాబట్టి వీటికి అది భారమే కాదు.

కొనేటప్పుడు 'ఐటీ మోడ్' ఫర్మ్‌వేర్ ఉందా అని అడగండి. అదే చిప్పుకి ఐఆర్ అని రెయిడ్ చేసే ఫర్మ్‌వేర్ కూడా ఉంటుంది. మనకి డిస్కును ఉన్నదున్నట్టు చూపించే ఐటీ కావాలి. డెల్ హెచ్310, ఐబీఎం ఎం1015 లాంటి సర్వర్ కార్డుల్లో ఉండేదీ 9211 చిప్పే. చాలామంది వాటిని ఐటీ మోడ్‌కి మార్చుకుని వాడతారు. మార్చేటప్పుడు మధ్యలో ఆగితే కార్డు పనికిరాకుండా పోవచ్చు కాబట్టి ముందే మార్చి అమ్మేది కొనమని నా సలహా. 9211, 9207 రకాలకైతే ఫర్మ్‌వేర్ 20.00.07.00 ఉండాలి. 20 వరుసలో మొదట వచ్చినవాటిలో లోపాలున్నాయి.

మరీ తక్కువ ధరకు ఎల్‌ఎస్‌ఐ 1068ఈ చిప్పున్న కార్డు ఎవరైనా చూపిస్తే దణ్ణం పెట్టి వచ్చేయండి. అది 2.2 టీబీకి మించిన డిస్కును చూడలేదు. మీ 8 టీబీ డిస్కులో మూడొంతులు కనబడదు. ఎల్‌ఎస్‌ఐ పేరుతో నకిలీ కార్డులు కూడా తిరుగుతున్నాయి, కాబట్టి బిల్లు, వాపసు హామీ ఇచ్చేవారి దగ్గరే తీసుకోండి.

మదర్‌బోర్డు పోర్టుల మీద నాకు మంచి అభిప్రాయమే ఉంది, వాటినీ వాడుకోవాలి. మీది ఇంటెల్ ఆరో సిరీస్ బోర్డు అయితే మాత్రం ఒకసారి చూసుకోండి. 2011 జనవరి ఆఖరున ఇంటెలే ఆ చిప్‌సెట్ల రవాణా ఆపేసింది. 3 గిగాబిట్ సాటా పోర్టులు కాలం గడిచేకొద్దీ క్షీణించే లోపం బయటపడింది. సరిచేసినవి తర్వాత వచ్చాయి గానీ తొలి బోర్డులు పాత సామాన్లలో ఇంకా కనిపించవచ్చు.

ఎనిమిది డిస్కులనూ ఎలా పంచాలన్నది మీరు అడగలేదు. కానీ కార్డు ఎంపికతో ముడిపడిన విషయం. నాలుగు మదర్‌బోర్డుకి, నాలుగు హెచ్‌బీఏకి పెడితే భద్రం అనిపిస్తుంది. అది మీరు డిస్కులను ఎలా కలుపుతారన్న దాని మీద ఉంటుంది. జతలుగా మిర్రర్ చేస్తే, అంటే రెండింటిలోనూ ఒకే డేటా ఉంచితే, నిజంగానే భద్రం. ప్రతి జతలో ఒకటి బోర్డు వైపు, ఒకటి కార్డు వైపు ఉంచితే కార్డు పోయినా పని ఆగదు. కానీ దక్కే చోటు 32 టీబీ. మీకిప్పటికే 22 ఉంది, జెడ్‌ఎఫ్‌ఎస్‌ని 80 శాతానికి మించి నింపకూడదు. ఒక్క సీజన్‌తోనే అయిపోతుంది.

అందుకని మీకు జెడ్‌ఎఫ్‌ఎస్ తనే చేసే రెయిడ్-జెడ్2 పద్ధతి మేలు. ఎనిమిదిలో ఏ రెండు పోయినా డేటా నిలుస్తుంది, చోటు సుమారు 48 టీబీ. ఇందులో మాత్రం నాలుగూ నాలుగుగా పంచితే లాభం బదులు నష్టం. కార్డు పోతే నాలుగు డిస్కులు ఒకేసారి పోయినట్టే, బోర్డు సాటా చిప్పు పోయినా అంతే. పని ఆపగలిగేవి ఒకటికి రెండవుతాయి. ఎనిమిదీ హెచ్‌బీఏకే పెట్టండి. బోర్డు పోర్టుకి ట్రూనాస్ నడిచే చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టండి. కార్డు పోయిన రోజున అన్ని డిస్కులూ ఒకేసారి మాయమవుతాయి, జెడ్‌ఎఫ్‌ఎస్ రాయడం ఆపేస్తుంది. కార్డు మార్చగానే తెరుచుకుంటుంది. మీకు కావాల్సింది అరపూట ఆగినా డేటా పోకపోవడం. అందుకే అదే కార్డు ఇంకొకటి, పరీక్షించి, డబ్బాలో పెట్టి అలమారాలో ఉంచండి. ఈ ఖర్చుకి వెనకాడకండి.

సన్ కంపెనీ 2006లో తెచ్చిన ఎక్స్4500 సర్వర్‌లో 48 డిస్కులు, వాటికి ఆరు కంట్రోలర్లు ఉండేవి. ఒక్కో గుంపులో ఒక్కో కంట్రోలర్ నుంచి ఒక్కటే డిస్కు వచ్చేలా అమర్చుకుంటే, ఒక కంట్రోలర్ మొత్తం పోయినా ప్రతి గుంపూ ఒక్క డిస్కే నష్టపోయేది. కంట్రోలర్లను పంచడం అంటే అలా ఉండాలి. రెండే చోట్లుంటే ఆ ప్రయోజనం రెయిడ్-జెడ్2కి రాదు.

కార్డు వచ్చాక మూడు చోట్ల జాగ్రత్త కావాలి. అన్నిటికన్నా ముందు వేడి. ఈ కార్డులు గాలి జోరుగా వీచే సర్వర్ పెట్టెల కోసం తయారైనవి. మీ కేబినెట్‌లో ఆ గాలి ఉండదు. ఆపైన మే నెలలో మన కృష్ణా తీరం ఎండలు. ఆ హీట్‌సింక్ మీదకి ఒక చిన్న ఫ్యాన్ తప్పనిసరిగా బిగించండి. వేడెక్కిన కార్డు ఒక్కసారిగా చచ్చిపోదు, ఎడాపెడా అన్ని డిస్కుల మీదా తప్పులు చూపిస్తుంది. అది చూసి మంచి డిస్కులు పారేసినవాళ్లను నేనెరుగుదును.

తర్వాత కేబుల్. ఒక్కో కనెక్టర్ నుంచి నాలుగు సాటా తలలు వచ్చే 'ఫార్వర్డ్ బ్రేకౌట్' కేబుళ్లు రెండు కావాలి. రివర్స్ రకం చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది గానీ ఒక్క డిస్కూ కనబడదు. 9300కీ 9207కీ కనెక్టర్ కూడా వేరు, కార్డు నంబరు చెప్పి అడగండి. ఎప్పుడైనా తప్పులు వస్తే ఇలా ఆలోచించండి: ఒకే డిస్కులో పాడైన సెక్టార్లు పెరుగుతుంటే డిస్కు. స్మార్ట్ వివరాల్లో 199 నంబరు దగ్గర సీఆర్‌సీ (తీగలో డేటా చెడిన తప్పుల) లెక్క పెరుగుతుంటే ముందు కేబుల్ మార్చండి. ఒకే కేబుల్‌కున్న నాలుగూ అల్లరి చేస్తే ఆ కేబుల్ లేదా కనెక్టర్. ఎనిమిదీ చేస్తే కార్డు, వేడి, లేదంటే పవర్ సప్లై.

పవర్ సప్లై గురించి ఒక్క మాట. స్విచ్ వేయగానే ఒక్కో డిస్కు తిరగడం మొదలెట్టేటప్పుడు 12 వోల్టుల మీద సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. ఎనిమిదికీ ఆ క్షణంలో 200 వాట్ల దగ్గర కావాలి. పాత నాసిరకం సప్లైతో సరిపెట్టకండి, ఒకే తీగకి స్ప్లిటర్ల మీద స్ప్లిటర్లు వేయకండి. యూపీఎస్ ఎలాగూ ఉంటుంది మీ స్టూడియోలో. దాని యూఎస్‌బీ తీగ సర్వర్‌కి కలిపి, బ్యాటరీ తగ్గగానే సర్వర్ తనంతట తనే ఆగేలా మేనల్లుడి చేత సెట్ చేయించండి.

ఇంకొకటి, డిస్కులు బిగించకముందే ప్రతి డిస్కు సీరియల్ నంబరులో చివరి నాలుగంకెలు కాగితం మీద రాసి, బిగించాక బయటికి కనిపించే చోట అంటించండి. డిస్కు పోయిన హడావిడిలో పోయినదాన్ని వదిలేసి బాగున్నదాన్ని పీకడం చాలాసార్లు జరుగుతుంది.

అన్నీ బిగించాక అసలు ఫుటేజీ వెంటనే ఎక్కించకండి. ఒకట్రెండు టీబీ నకలు మాత్రం వేసి ఒక ఆదివారం కేటాయించండి. మెషిన్ ఆపి ఒక డిస్కు తీగ తీసేసి ఆన్ చేయండి, సర్వర్ ఏం చెబుతుందో, మీకు హెచ్చరిక మెయిల్ వస్తుందో లేదో చూడండి. తిరిగి పెట్టండి. తర్వాత అలమారాలోని రెండో కార్డు పెట్టి, డిస్కుల వరుస కావాలనే కలగాపులగం చేసి ఆన్ చేయండి. డేటా తెరుచుకోవాలి. నేను మొదట ఇచ్చిన ప్రశ్నకి జవాబు అప్పుడు మీ కళ్లతో మీరే చూస్తారు. అది చూశాకే ఫుటేజీ ఎక్కించండి. నెలకోసారి స్క్రబ్, అంటే డేటా అంతా చదివి సరిచూసే పని, నడిచేలా పెట్టుకోండి.

పాత బయటి డిస్కులను మాత్రం చెరిపి వేరే పనికి వాడకండి. ఏ కంట్రోలరైనా, ఎన్ని డిస్కులైనా, పిడుగుపాటుకీ దొంగకీ పొరపాటున చేసిన డిలీట్‌కీ అడ్డం పడలేవు. ఆ డిస్కుల్లో రెండో కాపీ ఉంచి, వాటిని స్టూడియోలో కాకుండా ఇంట్లో పెట్టండి.

కార్డు కొనేముందు మీ మదర్‌బోర్డు మోడల్ నంబరు నాకు రాసి పంపండి. కొన్ని బోర్డుల్లో పొడుగు స్లాట్లు రెండు కనిపించినా రెండోదానికి లోపల నాలుగు దారులే ఉంటాయి. దానితో ఇబ్బందేమీ లేదు గానీ, బోర్డు మీదే దూర్చే ఎం.2 రకం ఎస్‌ఎస్‌డీ ఒకటి పెడితే రెండు సాటా పోర్టులు పనిచేయని బోర్డులూ ఉన్నాయి. గ్రాఫిక్స్ కార్డు ఉంచాలా తీసేయాలా అన్నది కూడా అప్పుడే చెప్పగలను.